రేంజ్ తగ్గిందా? ముందు యూనిట్లు లెక్కపెట్టండి

ఎలక్ట్రిక్ కారు కొని కొన్నేళ్ళు తిరిగినవాళ్ళు దాదాపు అందరూ అనే మాట ఒకటుంది: "మొదట్లో ఇంత వచ్చేది, ఇప్పుడు రావట్లేదు." ఆ మాట చెవిన పడగానే పక్కనున్నవాళ్ళు బ్యాటరీ పోయిందని తేల్చేస్తారు. కొత్తదానికి ఎన్ని లక్షలవుతుందో కూడా వాళ్ళే చెప్పేస్తారు. నేను చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందంటే మా దగ్గర ఎవరూ ముందే మోటారు విప్పరు. బేరింగ్ పట్టేసిందా, బెల్టు బిగుసుకుందా, లోడు పెరిగిందా అని చూస్తారు. కారు విషయంలో మాత్రం అందరికీ తొందర.

రేంజ్, అంటే ఒక ఫుల్ చార్జీతో బండి పోయే దూరం, తగ్గిందంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. డిస్‌ప్లేలో అంకె తగ్గి ఉండొచ్చు. బండి తాగే కరెంటు పెరిగి ఉండొచ్చు. లేదా బ్యాటరీలో పట్టే కరెంటే తగ్గి ఉండొచ్చు. మొదటిదానికి మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. రెండోది చాలాసార్లు వందల రూపాయల్లో సర్దుకుంటుంది. కంపెనీ దాకా పోవాల్సింది మూడోది ఒక్కటే. ఏది ఎంతో విడదీయకుండా సర్వీస్ సెంటర్‌కి వెళితే "అన్నీ నార్మల్ సార్" అని పంపించేస్తారు. తిరిగి అడగడానికి మన దగ్గర ఏ లెక్కా ఉండదు.

తిరుపతిలో ఉండే మా బామ్మర్ది బండికి ఈ మధ్య ఇదంతా చేశాం. ఆ లెక్కలతోనే చెబుతాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, వయసు ఐదేళ్ళు, బ్యాటరీ 30 కిలోవాట్ అవర్లది. కిలోవాట్ అవర్ అంటే కంగారు పడొద్దు, మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే అదే. "బావా, బండి కొత్తగా ఉన్నప్పుడు ఫుల్ చేస్తే 220 చూపించేదట. ఇప్పుడు 165 దాటట్లేదు. బ్యాటరీ అయిపోయినట్టేనా?" అని ఫోన్ చేశాడు.

డిస్‌ప్లేలో ఉన్నది అంచనా మాత్రమే

బ్యాటరీలో ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో ఏ కారుకీ తెలియదు. ఈ మధ్య మీరు నడిపిన తీరు చూసి, యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో లెక్కగట్టి, మిగిలిన చార్జీని దాంతో హెచ్చవేసి ఒక అంకె చూపిస్తుంది. వారం రోజులు టౌన్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగితే ఆ అంకె పడిపోతుంది. బ్యాటరీకి ఏమీ కాకపోయినా సరే.

ఇది అర్థం కావడానికి తిరుపతివాళ్ళకి కొండ ఒక్కటి చాలు. అలిపిరి నుంచి తిరుమలకి సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,700 కిలోలుండే బండిని అంత ఎత్తుకి లేపడానికే 3.2 యూనిట్లు కావాలి. ఇది బరువుకీ ఎత్తుకీ సంబంధించిన లెక్క, ఏ కంపెనీ బండికైనా ఒకటే. దానికి దాదాపు 18 కిలోమీటర్ల రోడ్డు ఖర్చు, మోటారు నష్టం కలిపితే ఐదు యూనిట్లు దాటుతుంది. 30 యూనిట్ల బ్యాటరీలో ఆరో వంతు పైనే. పైకి చేరాక డిస్‌ప్లే చూస్తే గుండె గుభేల్‌మంటుంది, ఎందుకంటే యూనిట్‌కి మూడున్నర కిలోమీటర్లే వచ్చాయి కాబట్టి మిగతా బ్యాటరీకి కూడా అది అదే లెక్క కడుతుంది. అదే బండి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు రీజెన్ వల్ల, అంటే మోటారే బండి వేగాన్ని ఆపుతూ కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపడం వల్ల, చార్జీ కాస్త పెరుగుతుంది. రేంజ్ అంకె అయితే ఉన్నదానికంటే ఎక్కువగానే పెరిగి మురిపిస్తుంది. పైన చూసింది నిజం కాదు, కింద చూసింది అంతకన్నా కాదు.

కొండ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పైన ఫుల్ చార్జ్ చేసుకుని దిగకండి. బ్యాటరీలో ఖాళీ లేకపోతే రీజెన్ పనిచేయదు, ఘాట్ మొత్తం బ్రేకుల మీదే దిగాల్సి వస్తుంది. ఎలక్ట్రిక్ బండికి అసలు కొండ పడదేమో అన్న అనుమానం మాత్రం అక్కర్లేదు. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు అదే దారిలో ఎక్కి దిగుతున్నాయి.

చిన్న ఎత్తులు కూడా లెక్కలోకి వస్తాయి. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. తిరుపతి మనకంటే 150 మీటర్లకు పైగా పల్లంలో ఉంది. కంటికి తెలియదు గానీ పోయేటప్పుడు తక్కువ తాగి వచ్చేటప్పుడు ఎక్కువ తాగుతుంది. అందుకే ఒక వైపు ప్రయాణం చూసి ఏమీ తేల్చకండి, పోనూ రానూ కలిపి చూడండి.

సబ్ మీటర్ పరీక్ష

ఇక అసలు పని. ఎలక్ట్రికల్ షాపులో సింగిల్ ఫేజ్ డిజిటల్ సబ్ మీటర్ దొరుకుతుంది, అద్దెకున్న వాటాలకి పెడతారే, అదే. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో కారు చార్జింగ్ పాయింట్‌కి ముందు దాన్ని పెట్టించండి. గోడకి బిగించిన మీ వాల్ బాక్స్ చార్జర్ యూనిట్లు చూపిస్తుంటే ఈ ఖర్చు కూడా లేదు.

చార్జీ 20 శాతానికి దిగేదాకా బండి వాడండి. ఇంటికొచ్చాక గంటసేపు చల్లారనిచ్చి, మీటర్ రీడింగ్ ఫోటో తీసుకుని, రాత్రి చార్జింగ్‌కి పెట్టండి. మధ్యలో తీయకండి. 100 చూపించాక కూడా దానంతట అది ఆగేదాకా వదిలేయండి, చివర్లో బ్యాటరీ లోపలుండే చిన్న చిన్న సెల్స్ అన్నిటినీ సమానం చేసే పని జరుగుతుంది. ప్లగ్‌లో ఉండగా ఏసీ వేయకండి. పొద్దున మళ్ళీ రీడింగ్ చూడండి.

సబ్ మీటర్ చూపించిన యూనిట్లన్నీ బ్యాటరీలోకి పోవు. కారులోని చార్జర్ వేడెక్కుతుంది, పంపులు, కంప్యూటర్లు కూడా అంతసేపూ నడుస్తాయి. 15 ఆంప్స్ ప్లగ్ మీద అయితే 12 నుంచి 15 శాతం, 7.2 కిలోవాట్ వాల్ బాక్స్ మీద అయితే 10 శాతం దాకా తీసేయండి. మా బామ్మర్ది ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్. సబ్ మీటర్‌లో తిరిగింది 24.5 యూనిట్లు. 12 శాతం తీసేస్తే 21.6. ఇది 80 శాతానికి సరిపడా కరెంటు కాబట్టి 0.8తో భాగిస్తే మొత్తం బ్యాటరీ 27 యూనిట్లు. అంటే 30లో 90 శాతం. కొత్త బండిలో కూడా బ్రోషర్ అంకె మొత్తాన్ని వాడుకోనివ్వరు, కొంత దాచి ఉంచుతారు, కాబట్టి నిజానికి 90 కంటే కాస్త మెరుగే. ఐదేళ్ళ బ్యాటరీకి బాధపడాల్సిన లెక్క కాదు ఇది.

ఈ పద్ధతిలో మూడు నాలుగు శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. ఫర్వాలేదు. అదే ప్లగ్ మీద, అదే పద్ధతిలో, ఇంచుమించు అదే వాతావరణంలో ఆరు నెలలకోసారి చేస్తే బ్యాటరీ ఎటు పోతోందో తెలుస్తుంది. లిథియం బ్యాటరీలు మొదటి ఒకటి రెండేళ్ళలో కాస్త గబగబా తగ్గి, తర్వాత నెమ్మదిస్తాయి. కొత్త బండిలో మొదటి ఏడాది తగ్గుదల చూసి, అదే వేగంతో పదేళ్ళకి గుణించి భయపడొద్దు.

రెండో లెక్క: యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు. ట్రిప్ మీటర్ సున్నా చేసి మామూలుగా తిరిగేలాగే తిరగండి. చాలా కార్లలో కిలోమీటరుకి ఇన్ని వాట్ అవర్లు అని వస్తుంది, 1000ని దాంతో భాగిస్తే యూనిట్‌కి కిలోమీటర్లు వస్తాయి. బామ్మర్ది బండికి 164 వచ్చింది, అంటే యూనిట్‌కి 6.1. పాత లెక్క ప్రకారం 30 యూనిట్లకి 220 అంటే 7.3 ఉండాలి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. బ్యాటరీ పదో వంతు తగ్గింది కాబట్టి 220 కాస్తా 198 కావాలి. కానీ వస్తున్నది 165. అంటే పోయిన 55 కిలోమీటర్లలో బ్యాటరీ వాటా 22 మాత్రమే. మిగతా 33 ఎక్కడో కారిపోతున్నాయి.

కారుతున్నది ఎక్కడ

టైర్లు. నూటికి తొంభై బండ్లకి ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం. ఎలక్ట్రిక్ బండి బరువు ఎక్కువ, దానికి కావాల్సిన గాలి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు అది చూడడు, అన్ని కార్లకీ 30 కొట్టేస్తాడు. అది కూడా బండి ఎండలో తిరిగి వచ్చి టైర్లు వేడిగా ఉన్నప్పుడు. వేడి టైర్‌లో గాలి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, రాత్రికి చల్లారాక అసలు రంగు బయటపడుతుంది. పొద్దున్నే, బండి కదిలించక ముందు చూడాలి. బామ్మర్ది బండిలో 6 పాయింట్లు తక్కువ ఉంది. పైగా ముందు ఓనర్ షోకు కోసం కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు వేయించాడు. కంపెనీ నుంచి వచ్చే టైర్లు తేలిగ్గా దొర్లేలా చేసినవి, వాటిని మార్చి వేరేవి వేస్తే రేంజ్‌లో కొంత పోయినట్టే. ఈసారి టైర్లు మార్చేటప్పుడు అదే సైజు, తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ ఉన్నవి అడిగి వేయించండి. అలైన్‌మెంట్ కూడా అప్పుడే చూపించండి.

తర్వాత బ్రేకులు. రీజెన్ వల్ల ఎలక్ట్రిక్ కారులో బ్రేకులు పెద్దగా వాడరు, వాడని చోట తుప్పు పట్టి, బ్రేకు ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. పది కిలోమీటర్లు మెత్తగా నడిపి, దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకండి, దగ్గరగా పెడితే చాలు. ఒక్క చక్రం మాత్రం సెగ కొడుతుంటే అది రాసుకుంటోందన్నమాట.

ఏసీ మీద జనానికి ఉన్న భయం సగం నిజం, సగం కాదు. మండే ఎండలో ఏసీ ఒకటిన్నర కిలోవాట్ దాకా లాగుతుంది. అది గంటల లెక్కన తింటుంది, కిలోమీటర్ల లెక్కన కాదు. తిరుపతిలో లీలామహల్ సర్కిల్, బస్టాండ్ వైపు సాయంత్రం పది కిలోమీటర్లు తిరగడానికి 40 నిమిషాలు పట్టిందనుకోండి. ఏసీకే ఒక యూనిట్ పోయింది, బండి నడవడానికి పోయింది ఒకటింపావు. హైవేలో 70 నిమిషాల్లో చిత్తూరు చేరితే ఏసీకి ఒకటిముప్పావు, బండికి తొమ్మిదికి పైన. కాబట్టి హైవేలో ఏసీ ఆపి చెమటలు కక్కడం దండగ. టౌన్‌లో మాత్రం బయలుదేరే ముందు, ప్లగ్‌లో ఉండగానే పది నిమిషాలు చల్లబరిచి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, 25 దగ్గర ఉంచండి.

హైవేలో తినేది వేగం. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది 25 శాతమే, గాలి అడ్డు మాత్రం 56 శాతం పెరుగుతుంది. పైన క్యారియర్ ఉంటే ఇంకా. వాడనప్పుడు దాన్ని విప్పేయండి.

టైర్లలో గాలి సరిచేసి, పాత సైజుకి మార్చి, కత్తిరి ఎండలు తగ్గాక చూస్తే బామ్మర్ది బండి యూనిట్‌కి 7 దగ్గర నిలబడింది. 27 యూనిట్లకి 190 కిలోమీటర్లు. సంతోషించాడు, అయినా 220 మాట మరిచిపోలేదు.

ఇంకో మాట, పల్లెల్లో ఉన్నవాళ్ళకి. "రాత్రంతా పెట్టినా ఫుల్ కాలేదు" అంటే అది బ్యాటరీ జబ్బు కానక్కర్లేదు. 10 ఆంప్స్ లాగే చార్జర్ 230 వోల్టుల దగ్గర 2.3 కిలోవాట్లు ఇస్తుంది, వోల్టేజీ 190కి పడితే 1.9. ఖాళీ నుంచి ఫుల్ చేయడానికి దాదాపు మూడు గంటలు ఎక్కువ పడుతుంది. ప్లగ్ వేడెక్కుతున్నా అదే రాత్రి ఆపేయండి. చార్జింగ్ పాయింట్‌కి బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

ఎండాకాలం జాగ్రత్త

బ్యాటరీని నిజంగా ముసలిదాన్ని చేసేవి రెండు: వేడి, నిండుగా ఎక్కువ కాలం ఉండటం. రెండూ కలిస్తే మరీ చెడ్డ. రాత్రి 100 చేసి, మే నెలలో రేణిగుంట స్టేషన్ బయట వారం పాటు ఎండలో వదిలేసి ఊరెళ్ళడం అలాంటిదే. అన్ని రోజులు పెట్టాలంటే 50, 60 శాతం దగ్గర వదిలి వెళ్ళండి, నీడ దొరికితే ఇంకా మంచిది.

రోజూ 80 దగ్గర ఆపాలా, 100 చేయాలా అన్నది బ్యాటరీ రకాన్ని బట్టి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి అప్పుడప్పుడు 100 చేయడం అవసరం. దాని వోల్టేజీ చార్జీతో పాటు పెద్దగా మారదు, అందువల్ల ఫుల్ అయినప్పుడే కంప్యూటర్‌కి సరైన శాతం తెలుస్తుంది. నెలల తరబడి 40, 70 మధ్యే తిప్పుతుంటే శాతం లెక్క తప్పి, రేంజ్ పోయినట్టు కనిపిస్తుంది. ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకం అయితే రోజువారీ వాడకానికి 80 చాలు, దూరం పోయేరోజు ఫుల్ చేసుకోండి. మీది ఏ రకమో కారు పుస్తకంలోనో, షోరూంలోనో తెలుస్తుంది.

బ్యాటరీదే తప్పని తేలితే

సబ్ మీటర్ లెక్క వరసగా 75, 70 వైపు జారుతుంటే, లేదా శాతం ఉన్నట్టుండి 25 నుంచి 10కి పడిపోతుంటే, లేదా ఇంకా చార్జీ చూపిస్తుండగానే బండి పవర్ తగ్గించేస్తుంటే, అది మామూలు ముసలితనం కాదు. ఒక సెల్ బలహీనపడితే మిగతావి ఎంత బాగున్నా బండి దాని దగ్గరే ఆగుతుంది. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్య శాతం, సెల్స్ మధ్య వోల్టేజీ తేడా, రెండూ కాగితం మీద ఇవ్వమని అడగండి. తేడా పదుల మిల్లీవోల్టుల్లో ఉంటే కంగారు లేదు, బండి మీద లోడ్ లేనప్పుడు కూడా వందల్లో ఉంటే వదలొద్దు. నోటి మాటగా "బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి. జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి, మీ లెక్కల ఫోటోలు మెయిల్‌లో పంపండి. చాలా కంపెనీలు బండిని నడిపే పెద్ద బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారెంటీ ఇస్తున్నాయి. ఎన్ని శాతం కంటే తగ్గితే బాగుచేస్తారో వారెంటీ పుస్తకంలో వెతకండి, షోరూంవాళ్ళ మాట కంటే అదే ముఖ్యం. కదలిక లేకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలాసార్లు మొత్తం బ్యాటరీ మార్చరు, పాడైన మాడ్యూల్ (కొన్ని సెల్స్ ఉండే భాగం) ఒక్కటే మారుస్తారు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు వారెంటీ రెండో ఓనర్‌కి వర్తిస్తుందా, పేరు ఎలా మార్చుకోవాలి అన్నది డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి. కొన్ని కంపెనీలు మొదటి ఓనర్‌కి ఒక లెక్క, రెండో ఓనర్‌కి ఒక లెక్క పెడతాయి.

బయట మెకానిక్ చేత పెద్ద బ్యాటరీ విప్పించకండి. చాలా బండ్లలో అందులో ఉండేది 300 వోల్టుల పైన డీసీ. ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి తీగ విడినప్పుడు లేచే మంట (ఆర్క్) తెగే అవకాశం ఉంటుంది, డీసీ మంట అలా తెగదు. ఇరవై ఏళ్ళు ప్యానెల్ బోర్డుల ముందు నిలబడ్డ నేను కూడా ఆ హై వోల్టేజీ నారింజ రంగు కేబుళ్ళ జోలికి పోను. బానెట్ కింద ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ వేరు, కరకంబాడిలో అమర రాజా వాళ్ళు చేసేలాంటిది. అది చచ్చిపోతే బండి స్టార్ట్ కాదు గానీ రేంజ్‌కీ దానికీ సంబంధం లేదు.

ఉన్నదాంతో దూరం పోవడం

27 యూనిట్ల బండితో తిరుపతి నుంచి చెన్నైకి, సుమారు 140 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా పోవచ్చు, 80 దాటకపోతే. యూనిట్‌కి ఏడున్నర వస్తుంది, చేరేసరికి 30 శాతం మిగులుతుంది. 100లో పోతే యూనిట్‌కి 6 వచ్చి పదమూడు శాతంతో చేరతారు. ఆ శాతంతో నగరం ట్రాఫిక్‌లో చార్జర్ వెతుక్కోవడం కంటే 80లో పోతే ఎక్కువ పట్టే ఆ ఇరవై నిమిషాలు నయం.

బెంగళూరు వైపు అయితే వేరే సంగతి. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కాలి, పలమనేరు మనకంటే మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు. ఎత్తుకే ఒకటిన్నర యూనిట్ పోతుంది. పలమనేరులో డిస్‌ప్లే చూసి చాలామంది టెన్షన్ పడి అక్కడే చార్జర్ కోసం పరుగెడతారు. ముళబాగిలు దాకా ఆగి చూడండి, రోడ్డు ఒక తీరులో పడ్డాక అంకె మళ్ళీ సర్దుకుంటుంది. దారిలో ఏ చార్జర్ దగ్గర ఆగాలో ముందే అనుకోండి. ఆ చార్జర్ ఈ మధ్య పనిచేసిందా అని యాప్‌లో చూసి, ఫోన్ నంబరు ఉంటే కనుక్కుని బయలుదేరండి. అది చెడిపోయి ఉన్నా తర్వాతి చార్జర్‌కి చేరేంత చార్జీ చేతిలో ఉండగానే అక్కడ ఆగండి.